నోటికి తెలిసిన ముప్పావు కాగితం మీద ఎందుకు తప్పుతుంది?

మొన్న సెలవుల్లో మా మేనల్లుడిని కొట్టుకి పంపుతూ సరదాగా అడిగాను. "పావుకిలో శనగపప్పు, అరకిలో కందిపప్పు తెస్తే సంచిలో మొత్తం ఎంతుంటుందిరా?" "ముప్పావు కిలో మావయ్యా" అన్నాడు, చెప్పులేసుకుంటూనే. వాడు తిరిగొచ్చాక అదే లెక్కను కాగితం మీద 1/4 + 1/2 అని రాసిచ్చాను. పైవి రెండూ కలిపాడు, కిందవి రెండూ కలిపాడు, 2/6 అని రాసి పెన్నుకి మూత పెట్టేశాడు. వాడు చదివేది ఆరో తరగతి.

2/6 అంటే మూడో వంతు, అంటే సగం కంటే తక్కువ. అరకిలో పప్పుకి ఇంకో పావుకిలో కలిపితే అరకిలో కన్నా తగ్గిపోయిందన్నమాట! కొట్టువాడు అలా తూస్తే వీడు ఊరుకోడు. కాగితం మీద మాత్రం అనుమానమే రాలేదు.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు. 2024 డిసెంబరులో దేశమంతా 3, 6, 9 తరగతుల పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే 'పరఖ్' సర్వే జరిగింది. మరుసటి ఏడాది వచ్చిన ఆ ఫలితాల్లో ఆరో తరగతి లెక్కల దగ్గర ఒక అంకె చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. అర, పావు లాంటి రోజూ వాడే భిన్నాలను గుర్తించి, పోల్చి చెప్పడంలో సరైన జవాబులు 29 శాతమే. "పిల్లలకు అర, పావు కూడా తెలియడం లేదు" అని అప్పుడు చాలామంది అన్నారు. నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది. అర, పావు వాళ్ల నోట్లో ఉన్నాయి. కాగితం మీది 1/2, 1/4 గుర్తులు వాటి పేర్లే అన్న సంగతి మాత్రం అందలేదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ తెగిందో చూడాలంటే మొదటి నుంచీ రావాలి.

కింద ఉన్నది పేరు, పైన ఉన్నది లెక్క

భిన్నం అంటే విరిగినది. ఛిన్నాభిన్నం అన్నప్పుడు వినిపించే భిన్నం అదే. గీత కింద అంకెను హారం అంటాం. ఒక మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో అది చెబుతుంది. ఇది మెడలో వేసుకునే హారం కాదు, హరించేది, అంటే భాగించేది. గీత పైన అంకె లవం. అలాంటి భాగాలు ఎన్ని తీసుకున్నామో అది చెబుతుంది. "లవలేశమైనా జాలి లేదు" అంటామే, ఆ లవమే ఇది. చిన్న ముక్క అని అర్థం.

పుస్తకాలు ఇంతవరకు బాగానే చెబుతాయి. పిల్లలు అప్పజెబుతారు కూడా. చిక్కు ఆ తర్వాత వస్తుంది. 3/4 చూడగానే కంటికి రెండు అంకెలు కనిపిస్తాయి, కానీ అక్కడున్నది ఒక్కటే సంఖ్య. అందులో లెక్కపెట్టే పని 3 ది మాత్రమే. 4 చేసేది లెక్కపెట్టే పని కాదు, దేన్ని లెక్కపెడుతున్నామో దాని పేరు చెప్పడం. మూడు మామిడికాయలు, మూడు కిలోలు, మూడు పావులు. మన 'ముప్పావు'ని విప్పి చూస్తే ఉన్నది ఇదే: మూడు పావులు.

ఇలా చూస్తే హారాలు ఒకటైన భిన్నాల కూడిక (బడి భాషలో సజాతి భిన్నాలు) లెక్కే కాదు. రెండు పావులూ మూడు పావులూ కలిస్తే ఐదు పావులు, అంటే 5/4. రెండు మామిడికాయలకి మూడు మామిడికాయలు కలిపితే ఐదు మామిడికాయలవుతాయి గానీ, పేరు మారిపోయి పనసకాయలవ్వవు కదా. హారాలను కలపకూడదన్న నియమం వెనక ఉన్నదంతా ఇదే.

ఇదే చూపుతో పోల్చడం కూడా తేలిక. పిల్లలు 1/8 ని 1/4 కంటే పెద్దదనుకుంటారు. ఎందుకంటే 8 పెద్దది. పూర్ణాంకాల దగ్గర నాలుగైదేళ్లుగా పనికొచ్చిన అలవాటు అది, ఒక్కరోజులో పోదు. ఎనిమిదిమందికి పంచితే ఎక్కువ వస్తుందా, నలుగురికి పంచితేనా అని అడిగితే ఎవరూ తప్పు చెప్పరు.

"నాలుగింట మూడు"కీ "త్రీ బై ఫోర్"కీ తేడా

తెలుగులో భిన్నాన్ని చెప్పే తీరు ఒకసారి వినండి. నాలుగింట మూడు వంతులు. ఐదింట రెండు వంతులు. ముందు హారం వస్తుంది, తర్వాత లవం. ముక్కలు ఎన్ని చేశామో చెప్పాకే ఎన్ని తీసుకున్నామో చెబుతాం. పని జరిగే వరస అదే. పైగా 'వంతు' అన్న మాట ఉంది చూశారా, ఇది పంపకం సంగతి అని అది గుర్తుచేస్తూనే ఉంటుంది.

క్లాసులో వినిపించేది "త్రీ బై ఫోర్". తెలుగు మీడియంలో అయితే "మూడు బై నాలుగు". అందులో వంతు లేదు, పావు లేదు. మూడు, నాలుగు, వాటి మధ్య ఒక 'బై'. అలా విన్న పిల్లవాడికి రెండు సంఖ్యలు కనిపించడంలో వింతేముంది? ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. లవం పక్కన న్యూమరేటర్, హారం పక్కన డినామినేటర్ చేరాయి. కొత్త పేర్లు నాలుగయ్యాయి. ఇంట్లో వాడే పావు, ముప్పావు మాత్రం ఏ పేజీలోనూ గట్టిగా నిలబడలేదు.

అయితే 'బై'ని ఊరికే తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. నలభై మూడింట పదిహేడు వంతులు అనాల్సివచ్చినప్పుడు 'సెవెంటీన్ బై ఫార్టీ త్రీ' హాయిగా నడుస్తుంది. పైగా భిన్నానికి ఉన్న రెండో అర్థాన్ని 'బై' బాగా పట్టుకుంటుంది. 3/4 అంటే మూడును నాలుగుతో భాగించగా వచ్చినది కూడా. మూడు దోసెలు ఉన్నాయి, తినేవాళ్లు నలుగురు. ప్రతి దోసెనూ నాలుగు ముక్కలు చేసి, ఒక్కో దోసె నుంచి ఒక్కో ముక్క అందరికీ వేస్తే ఒక్కొక్కరి కంచంలో మూడు ముక్కలు పడతాయి. అవి మూడు పావులు. ఒక దోసెను నాలుగు చేసి మూడు తీసుకోవడం, మూడు దోసెలను నలుగురికి పంచడం: రెండు వేర్వేరు పనులకి ఒకే జవాబు. పెద్దవాళ్లకి ఇది సహజంగా తోస్తుంది గానీ, మొదటిసారి చూసే పిల్లలకి ఆశ్చర్యం కలగాల్సిన చోటు. మనం ఆగకుండా దాటిపోతాం.

వీసం, పరక, కానీ: మన పాత లెక్క

"నీ మాట మీద నాకు వీసమెత్తు నమ్మకం లేదు" అంటాం. ఆ వీసం ఒక భిన్నం: పదహారో వంతు. (అమెరికా వెళ్లడానికి కావలసిన వీసాకీ దీనికీ చుట్టరికం లేదు.) దాని రెట్టింపు పరక, ఎనిమిదో వంతు. రెండు పరకలు ఒక కాలు, అదే పావు. రెండు కాళ్లు అర. మూడు కాళ్లు ముక్కాలు. కిందకి దిగితే వీసంలో నాలుగో వంతు కానీ, అంటే మొత్తంలో 64వ వంతు.

ఈ పేర్లలో ఒక పద్ధతి ఉంది. ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలుని నాలుగు చేస్తే వీసం, వీసాన్ని నాలుగు చేస్తే కానీ. ఈనాటి దశాంశాలు పదేసి చొప్పున దిగితే, ఇవి నాలుగేసి చొప్పున దిగుతాయి. వీటికి రాతలో ప్రత్యేక అంకెలు కూడా ఉండేవి. పావులకు నిలువు గీతలు: ౹ ౺ ౻. వీసాలకు అడ్డ గీతలు: ౼ ౽ ౾. కానీల దగ్గర మళ్లీ నిలువు. మెట్టు మారినప్పుడల్లా గీత దిశ మారుతుంది కాబట్టి ఏ గీత దేనిదో పొరబడే అవకాశం తక్కువ. 2008లో యూనికోడ్ ఈ గుర్తులను తెలుగు అక్షరాల పట్టికలో చేర్చింది. అందుకే ఇవాళ మీ ఫోన్లో కూడా అవి కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ. 7/16 ని ఎలా రాయాలి? పదహారింట ఏడు వంతుల్లో నాలుగు వీసాలు కలిసి ఒక కాలు. మిగిలినవి మూడు వీసాలు. కాబట్టి ఒక నిలువు, పక్కన మూడు అడ్డం: ౹౾. రూపాయల్లో చెబితే ఏడణాలు, అంటే ఒక పావలా, మూడణాలు. పాత రూపాయికి పదహారణాలు కదా, అణా అంటే రూపాయిలో వీసమే. "పదహారణాల తెలుగు పిల్ల" అంటే 16/16, ఏ లోటూ లేని ఒకటి. రూపాయిలో 64వ వంతు నాణెం పేరు కానీ. భిన్నం పేరే నాణేనికి పెట్టేశారు.

అందుకే పాతకాలం వాళ్లకి భిన్నం ప్రత్యేక అధ్యాయం కాదు, జేబులో చిల్లర. వీధిబడుల్లో రెండో ఎక్కం, మూడో ఎక్కంతోపాటు పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా వల్లె వేయించేవారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. అణా లెక్క పోయింది. 100 ని 16 తో భాగిస్తే 6.25, అంటే ఒక అణాకి సరిపోయే పైసల నాణేలు లేవు. పావలా, అర్ధరూపాయి మాత్రం 25, 50 పైసలుగా బతికాయి. 2011 జూన్ ఆఖరున పావలా చెల్లుబాటు కూడా ఆగిపోయింది. ఈ రోజు పదేళ్ల పిల్లవాడు రూపాయి కన్నా చిన్న నాణెం చేత్తో పట్టుకుని ఉండడు. భిన్నాలు కష్టమవడానికి ఇదొక్కటే కారణమని అనను గానీ, ఇంటి నుంచి ఉచితంగా అందే ఒక పాఠం అలా పోయింది.

గుంటలూ సెంట్లూ కలపాలంటే

ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. హారాలు వేరైన భిన్నాల కూడిక. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ పొలం.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. అంటే గుంట 1/40 ఎకరం, సెంటు 1/100 ఎకరం. సరిహద్దుకి అటూ ఇటూ ఆస్తి ఉన్న ఒకాయనకి ఒకచోట 3 గుంటలు, ఇంకోచోట 5 సెంట్లు ఉన్నాయనుకోండి. మొత్తం ఎంత? మూడూ ఐదూ ఎనిమిది. ఎనిమిది ఏమిటి? గుంటలు కావు, సెంట్లూ కావు. మా మేనల్లుడి పద్ధతిలో అయితే 8/140. అలాంటి కొలత ఏ పట్వారీ దగ్గరా లేదు.

రెండింటినీ కొలవగలిగే చిన్న కొలత ఒకటి కావాలి. గుంటంటే రెండున్నర సెంట్లు. కాబట్టి అరసెంటు పట్టుకుంటే చాలు. ఎకరానికి అరసెంట్లు 200. గుంటకి 5 అరసెంట్లు, సెంటుకి 2. ఇప్పుడు,

3/40 + 5/100 = 15/200 + 10/200 = 25/200 = 1/8

మొత్తం ఎకరంలో ఎనిమిదో వంతు, మన పరక! గజాల్లో సరిచూద్దాం. ఎకరం 4,840 చదరపు గజాలు, గుంట 121, సెంటు 48.4. మూడు గుంటలు 363, ఐదు సెంట్లు 242, మొత్తం 605. 4,840 ని 8 తో భాగించినా 605 వస్తుంది.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అని పిల్లలు భయపడుతూ చేసే పని ఇదే. 40 తోనూ 100 తోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య 200. అది మాయ కాదు, రెండు పేర్లకీ కుదిరే మూడో పేరు వెతకడం. 15/200 కీ 3/40 కీ విలువ ఒకటే, పేరే మారింది. వీటినే సమాన భిన్నాలంటారు. పది రూపాయల నోటుని ఐదు రెండురూపాయల నాణేలుగా మార్చినంత పని.

మన పాత గణితంలో దీనికి ఒక అందమైన పేరుంది: సవర్ణనం. అంటే ఒకే రంగులోకి, ఒకే జాతిలోకి తేవడం. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో భిన్నాల భాగానికి కలాసవర్ణం అని పేరు పెట్టాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. అంటే భిన్నాల లెక్కలు తెలుగులో చెప్పుకోవడం నిన్న మొన్నటి పని కాదు. అప్పట్లో పైన లవం, కింద హారం రాసేవారు గానీ మధ్యలో గీత ఉండేది కాదు. ఆ గీత తర్వాత అరబ్బు గణితజ్ఞులు చేర్చినది.

పోల్చడానికీ ఇదే దారి. 3/8 ఎకరం పెద్దదా, 2/5 ఎకరమా? చూపుకి తేలదు. గుంటల్లోకి మార్చండి. 40 లో ఎనిమిదింట మూడు వంతులు 15 గుంటలు, ఐదింట రెండు వంతులు 16 గుంటలు. ఒక్క గుంట తేడా. 8 కీ 5 కీ క.సా.గు. 40 కాబట్టి గుంట ఇక్కడ చక్కగా అమరింది.

మార్కుల కాగితం చేసే మోసం

పైవి పైకి, కిందవి కిందకి కలిపేయడం ఒట్టి తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. పిల్లలు ఆ పద్ధతిని రోజూ కళ్లతో చూస్తారు, అదీ టీచరు చేతి ఎర్రసిరాలో. ఒక పరీక్షలో 15/20, ఇంకో పరీక్షలో 20/30. మొత్తం ఎంత? 35/50. ఇది తప్పు కాదు కూడా!

మరి అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు ఎలా అయింది? మార్కుల కాగితం మీద ఉన్నవి ఒకే ఎకరంలో ముక్కలు కావు. మొదటిదాంట్లో మొత్తం అంటే 20 మార్కుల పేపరు, రెండోదాంట్లో 30 మార్కుల పేపరు. రెండు పేపర్లనూ కలిపి 50 మార్కుల కొత్త మొత్తాన్ని తయారుచేశాం. అందుకే కిందవి కూడా కలిశాయి. పప్పు దగ్గర పావైనా అరైనా ఒకే కిలోలో భాగాలు. కిలో మారలేదు.

విలువలు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 15/20 అంటే 3/4. 20/30 అంటే 2/3. నిజంగా కూడితే 9/12 + 8/12 = 17/12, ఒకటి దాటిపోతుంది. మార్కుల జవాబు 35/50 అంటే 7/10. అది 2/3 కీ 3/4 కీ మధ్యలో ఉంది. కూడిక ఎప్పుడైనా రెండింటికంటే పెద్దదవ్వాలి కదా, మధ్యలో ఎందుకుంది? ఎందుకంటే అది కూడిక కాదు, ఒక రకం సగటు. రాత ఒకటే, అర్థాలు రెండు. ఈ సంగతి క్లాసులో ఎవరైనా విప్పి చెప్పగా నేను వినలేదు.

గుణిస్తే తగ్గుతుంది, భాగిస్తే పెరుగుతుంది

పూర్ణాంకాలతో పెరిగిన వాళ్లకి గుణకారం అంటే పెంచడం. భిన్నాలు వచ్చాక ఆ నమ్మకం కూలుతుంది. ముప్పావు ఎకరంలో సగం వాటా వస్తే ఎంత? 30 గుంటల్లో సగం 15 గుంటలు, అంటే 15/40, అంటే 3/8. కాగితం మీద 1/2 × 3/4 = 3/8. ఇక్కడ గుణకారం గుర్తుని "లో" అని చదివితే చాలు. ముప్పావులో సగం. సగంలో ముప్పావు అన్నా అదే.

కింద 2 × 4 = 8 ఎందుకొచ్చింది? నాలుగు ముక్కల్లో ప్రతి ముక్కనీ మళ్లీ రెండు చేశాం కాబట్టి ఎకరం ఎనిమిది ముక్కలైంది.

భాగహారం దగ్గర అందరికీ గుర్తుండేది "తిరగేసి గుణించు". ఎందుకు తిరగేయాలో గుర్తున్నవాళ్లు తక్కువ. ఆరు లీటర్ల పాలు ఉన్నాయి. ముప్పావు లీటరు పట్టే సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు నిండుతాయి? పాలన్నిటినీ పావు లీటర్లుగా చూడండి. ఆరు నాలుగులు ఇరవై నాలుగు పావులు. సీసాకి మూడు పావులు. 24 ని 3 తో భాగిస్తే 8 సీసాలు. ఏం చేశామో వెనక్కి తిరిగి చూస్తే, 6 ని 4 తో గుణించాం, 3 తో భాగించాం. అంటే 6 × 4/3. భిన్నం తనంతట తానే తిరగబడింది. భాజకంలో, అంటే భాగించే భిన్నంలో, హారాన్నీ లవాన్నీ తారుమారు చేసి గుణించమని 1150లో భాస్కరుడు తన గణిత గ్రంథం లీలావతిలో చెప్పిన సూత్రం కూడా ఇదే.

ఆరును భాగిస్తే ఎనిమిది రావడం వింతగా ఉంటుంది. సీసా లీటరు కన్నా చిన్నది కాబట్టి సీసాల లెక్క లీటర్ల లెక్కకన్నా ఎక్కువే ఉండాలి మరి.

ముగ్గురన్నదమ్ముల ఎకరం

ఎకరాన్ని ముగ్గురికి సమంగా పంచండి. గుంటల్లో 13, పైన గుంటలో మూడో వంతు. సెంట్లలో 33, పైన సెంటులో మూడో వంతు. గజాల్లో 1,613, పైన మళ్లీ మూడో వంతు. ఆ మూడో వంతు వదలని శనిలా వెంటపడుతుంది. చదరపు అడుగుల్లోకి దిగితే పీడ వదులుతుంది: 43,560 అడుగుల్లో మూడో వంతు కచ్చితంగా 14,520. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు, తొమ్మిదిలో మూడు ఉంది. 40, 100, 4,840 లను మూడు భాగించదు.

1/3 దశాంశాల్లో 0.333... అని ఆగకుండా పోవడానికి కారణం ఇదే. దశాంశాలు పదులతో కట్టినవి. పదిలో ఉన్నవి 2, 5 మాత్రమే. హారాన్ని వీలైనంత చిన్నది చేశాక అందులో 2, 5 తప్ప ఇంకేదైనా ఉంటే దశాంశం ఎప్పటికీ ముగియదు. మన వీసాలు, కానీలకూ ఈ బాధ తప్పదు, అవి నాలుగులతో కట్టినవి. పాత రూపాయి మాత్రం ఇక్కడ గెలిచింది. అణాకి పన్నెండు పైలు, రూపాయికి 192. మూడో వంతు 64 పైలు, అంటే 5 అణాల 4 పైలు, చిల్లిగవ్వ తేడా లేకుండా. నేటి రూపాయిలో మూడో వంతు 33 పైసలు, ఒక పైసా ఎవరికీ చెందకుండా మిగులుతుంది.

భిన్నాలు మానేసి దశాంశాలే నేర్పితే పోదా, కాలిక్యులేటర్ ఎలాగూ ఉంది కదా అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ధరలు, బరువులు, శాతాలు అన్నీ దశాంశాల్లోనే నడుస్తున్నాయి. శాతం అంటే హారాన్ని 100 దగ్గర బిగించేసిన భిన్నం, దాంతో పోల్చడం సులువు. కానీ మూడో వంతుని కచ్చితంగా పట్టుకోగలిగేది 1/3 అన్న రాతే. రేపు హైస్కూల్లో బీజగణితం వస్తే x/3 ని ఏ కాలిక్యులేటరూ దశాంశం చేయలేదు.

క్రికెట్ చూసే పిల్లలకి ఇంకో తికమక ఉంది. 3.2 ఓవర్లు అంటే మూడు ఓవర్లు, రెండు బంతులు. ఓవరుకి ఆరు బంతులు కాబట్టి అది 3 పైన 2/6, అంటే మూడూ మూడో వంతు. దశాంశంలా కనిపిస్తుంది గానీ దశాంశం కాదు. 19.3 ఓవర్లు అంటే పందొమ్మిదిన్నర.

రొట్టె ముక్కా, గీత మీద చుక్కా

భిన్నాన్ని మొదట ఎలా పరిచయం చేయాలన్న దాని మీద లెక్కల బోధన తెలిసినవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఒక పక్షం రొట్టె, పిజ్జా, రంగు వేసిన వృత్తం అంటుంది. పిల్లలకి పంచుకోవడం తెలుసు, తెలిసిన దాని నుంచే మొదలుపెట్టాలి అని వాళ్ల మాట. రెండో పక్షం సంఖ్యారేఖ మీద నుంచి మొదలుపెట్టమంటుంది. రొట్టె ముక్క భిన్నాన్ని ఒక వస్తువుగా చూపిస్తుంది గానీ సంఖ్యగా చూపించదు, పైగా 7/4 దగ్గర బోర్లా పడుతుంది, ఒక రొట్టెను నాలుగు ముక్కలు చేసి అందులోంచి ఏడు తీసుకోమంటే ఎవరు తీసుకోగలరు అని వీళ్ల ప్రశ్న. సంఖ్యారేఖ మీద అయితే సున్నా నుంచి పావు పావు చొప్పున ఏడు అడుగులు వేస్తే 7/4 వచ్చేస్తుంది. అది ఒకటికీ రెండుకీ మధ్య ఒక చోటు, అంతే. బడిలో దీన్ని అపక్రమ భిన్నం అంటారు. పేరు వింటే ఏదో నేరం చేసినట్టుంటుంది, పాపం. ఒకటీ ముప్పావు అని విడదీస్తే మిశ్రమ భిన్నం.

రేఖకీ ఇబ్బందులున్నాయి. చిన్నపిల్లలు మధ్య దూరాలను కాకుండా గీతలను లెక్కపెడతారు. సున్నా దగ్గర గీతను కూడా కలిపేసుకుని నాలుగింటికి బదులు ఐదు అంటారు. రొట్టెలో ఆ గొడవ లేదు. 2024లో వచ్చిన ఎన్సీఈఆర్టీ ఆరో తరగతి పుస్తకం 'గణిత ప్రకాశ్' రెండింటినీ కలుపుకుంది. రొట్టె పంపకంతో మొదలై, ఒక ముక్కను కొలతగా పట్టుకుని లెక్కపెట్టడం మీదుగా సంఖ్యారేఖకి, అక్కణ్నుంచి పాతకాలపు గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడి కూడిక పద్ధతికి (హారాలను ఒకటి చేసి కూడడం) వెళుతుంది. 'ఒక ముక్కే కొలత' అన్న ఆ మధ్య మెట్టు నాకు అన్నిటికంటే నచ్చింది. ముప్పావు అన్న మాటలో ఉన్నది అదే కాబట్టి.

సూత్రం ముందా, అర్థం ముందా అన్నది ఇంకో తగువు. సూత్రం చేతికి అలవాటైతే అర్థం మెల్లగా అదే వస్తుందనేవాళ్లు ఉన్నారు. ఎక్కాలు అలాగే నేర్చుకున్నాం కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే సూత్రం మాత్రమే ఉంటే ఏమవుతుందో అమెరికా అనుభవం ఒకటి చూపిస్తుంది. 1978లో అక్కడి జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకి ఒక ప్రశ్న ఇచ్చారు: 12/13 + 7/8 సుమారుగా ఎంత? ఎంచుకోవడానికి ఇచ్చిన అంకెలు 1, 2, 19, 21. రెండు భిన్నాలూ దాదాపు ఒకటేసి ఉన్నాయి కాబట్టి జవాబు 2. అది గుర్తించినవాళ్లు 24 శాతమే. మిగతావాళ్లలో చాలామంది 19, 21 అన్నారు, అంటే పైవి కలిపారు, లేదా కిందవి కలిపారు. 2014లో పరిశోధకులు అదే ప్రశ్నను ఎనిమిదో తరగతి పిల్లలకు మళ్లీ ఇస్తే సరైన జవాబు 27 శాతానికి చేరింది. ముప్పై ఆరేళ్లలో మూడు శాతం.

ఆ ప్రశ్నకి క.సా.గు. అక్కర్లేదు. 12/13 ఎంత పెద్దది అని ఒక్క క్షణం ఆగితే చాలు.

మా మేనల్లుడి కాగితం మీద 2/6 అలాగే ఉంది. తప్పని చెప్పలేదు. "దీన్ని కిలోల్లో చెప్పరా" అన్నాను. కొట్టేసి చిన్నది చేసి 1/3 అన్నాడు. "అది అరకిలో కన్నా ఎక్కువా, తక్కువా?" కాసేపు చూశాడు. "తక్కువ." మళ్లీ చూశాడు. వంటింట్లోకి వెళ్లి, పప్పు డబ్బాల వైపు కాసేపు చూసి వచ్చి, 1/2 ని కొట్టేసి దాని పైన 2/4 అని రాసుకున్నాడు. తర్వాత నన్నేమీ అడగలేదు.